పెత్రమాస నాడు నేను తుడవని మెట్టు

బండలు తుడవడం కూడా ఒక విద్యేనా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, నాకేం బాధ లేదు. సగం జీవితం ఆ పనే చేసి, మోకాళ్ళు అరిగిపోయి ఇంట్లో కూర్చున్నవాణ్ణి. ఇప్పటికీ కరీంనగర్‌లో ఎక్కడ కొత్త షోరూం తెరిచినా, లోపలికి అడుగు పెట్టగానే అందరూ చీరలు చూస్తారు, నేను కింద చూస్తాను. మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. ఏం చేయను, అలవాటు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, ఏ బండకు ఏ మందు వాడాలి, ఏ మరక దేనితో పోతుంది అని. తెలిసినంత చెప్తాను. కానీ అసలు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అది మరకల సంగతి కాదు, భయం సంగతి. నేను పిరికివాణ్ణి. ముందే ఒప్పేసుకుంటే నాకూ తేలిక, మీకూ తేలిక. నా పిరికితనం వల్ల ఒక మనిషి చావు అంచుదాకా వెళ్ళింది. ఆ మనిషి నాకు అక్క.

సొంత అక్క కాదు. మాది కాగజ్‌నగర్. అక్కడ మిల్లు మూతపడ్డాక పని వెతుక్కుంటూ కరీంనగర్ వచ్చాను. నాలుగంతస్తుల బట్టల షోరూంలో ఫ్లోర్ల పని దొరికింది. నాకంటే ముందు నుంచి అక్కడ పనిచేస్తున్నది ఈమె. సుల్తానాబాద్ పక్క పల్లెలో పుట్టింది. భర్త పోయాక, ఆటో నడిపే కొడుకుతో కరీంనగర్‌లోనే ఉండేది. మొదటి రోజే నా చేతిలోంచి మాప్ లాక్కుని, "గట్ల వంగితే నడుము ఇరుగుతది తమ్మి, గిట్ల పట్టు" అని చూపించింది. కాగజ్‌నగర్ మిల్లులో పదిహేనేళ్ళు నేల ఊడ్చినవాణ్ణి, నాకు నేర్పుతుందా అని కోపం వచ్చింది. ఆమె చెప్పినట్టు పట్టుకుంటే మాత్రం సాయంత్రానికి నడుము నొప్పి లేదు.

మధ్యాహ్నం మెట్ల కింద చీకటిగా ఒక మూల ఉండేది. అక్కడ కూర్చుని ఇద్దరం తినేవాళ్ళం. ఆమె సర్వపిండి, మా ఇంటి ఖట్టీ దాల్. ఎవరి డబ్బా ఎవరిదో పట్టింపు ఉండేది కాదు. రంజాన్ దగ్గర పడితే వారం ముందు నుంచే గుర్తుచేసేది: "ఏం తమ్మి, మరదలుకు చెప్పినవా? షీర్‌ఖుర్మల కిస్‌మిస్‌లు జర ఎక్కువేయమను. పోయినసారి లెక్కవెట్టి ఏసినట్టున్నది." మేనేజర్ అంటే షోరూం అంతా వణికేది. ఆమె మాత్రం అతని మొహం మీదే, "జర తొక్కకుండ నడువుండ్రి సారు, ఇప్పుడే తుడిచిన" అనేది. ఆమెకు భయం అనేది ఎక్కడుంటుందో తెలియదనుకునేవాణ్ణి.

ప్రతి అమావాస్య పొద్దున, షాపు తెరవకముందు, మా సేటు పెద్ద గుమ్మం దగ్గర పూజ చేసేవాడు. దిష్టి తీసి బూడిద గుమ్మడికాయ పగలగొట్టడం అన్ని షాపుల వాళ్ళూ చేసేదే. అందరూ రోడ్డు మీద కొడతారు. మా సేటు మాత్రం వాళ్ళ నాన్న కాలం నుంచి వస్తున్న ఆచారమని పై మెట్టు మీదే కొట్టేవాడు. గుమ్మం ముందు అయిదు మెట్లు, నల్ల గ్రానైట్. వారానికోసారి మిషన్ పెట్టి వాటికి పాలిష్ కొట్టేది నేనే. వంగితే మొహం కనపడేది, అది నా గొప్ప. అంత నున్నటి రాయి మీద గుమ్మడి గుజ్జు, కుంకుమ, కొబ్బరినీళ్ళు, కర్పూరం మసి, దీపపు కుందెలోంచి ఒలికిన నూనె. సేటు కాయను మూడుసార్లు తిప్పి నేలకేసి కొట్టి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయేవాడు. తర్వాత మెట్టు తుడిచేది అక్క.

ఎప్పుడూ అక్కే. ఆ అరగంట నేను ఆ మెట్టు దరిదాపులకు వెళ్ళేవాణ్ణి కాదు. ఎవరైనా వద్దన్నారా అంటే, లేదు. సేటు అనలేదు, మేనేజర్ అనలేదు, ఎవరూ అనలేదు. కానీ పూజ చేసిన చోట నేను మాప్ పెడితే, కుంకుమ పూసిన నిమ్మకాయను నా చీపురు తోస్తే, చూసిన వాళ్ళు ఏమంటారో! ఫోన్లలో రోజూ ఏదో ఒక ఊరి గొడవ వస్తూనే ఉంటుంది. అవి చూసీ చూసీ నాకు నేనే ఒక కాయిదా పెట్టుకున్నాను. అమావాస్య పొద్దున నాకు ఎప్పుడూ మూడో అంతస్తులోనే పని ఉండేది. ఎందుకో అక్కకు కూడా చెప్పలేదు. ఆమె దాన్ని బద్ధకమనుకునేది. "కింద పనంటే సాలు, మీదికి ఎక్కుతడు సూడు మావోడు" అని ఎగతాళి చేసేది. నేనూ నవ్వేసేవాణ్ణి.

ఆ ఏడు పెత్రమాస వచ్చింది. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య. పోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే రోజు కూడా అదే. బట్టల షాపుకు విపరీతమైన గిరాకీ. ఖానాపూర్ నుంచి కూడా పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్ళు. ముందు రోజు అక్క చెప్పింది: "రేపు మీ బావకు బియ్యమియ్యాలె తమ్మి. పదకొండింటికి వస్త. జర సూసుకో."

"ఫికర్ చెయ్యకక్కా, నేనున్న గద" అన్నాను. మెట్టు సంగతి నాకు తట్టనేలేదు. తట్టలేదని ఇప్పుడంటున్నాను. తట్టినా, ఎవరో ఒకరు చేస్తారులే అని పక్కకు నెట్టేశానేమో. నాకే నమ్మకం లేదు.

తొమ్మిదిన్నరకు పూజ అయింది. కాయ పగిలింది. ఆ రోజు ఎవరి కాలో తగిలి కుందె కూడా పడిపోయి నూనె అంతా ఒలికింది. పది గంటలకు తలుపులు తెరవాలి. వాచ్‌మన్ కింద తాడు కట్టి జనాన్ని ఆపాడు. మేనేజర్ లోపలి నుంచి అరిచాడు: "భాయ్, మెట్లు ఎవలు తుడుస్తుండ్లు? పది అయితుంది!"

"అయితది సార్" అన్నాను.

చేతిలో మాప్ ఉంది. మెట్టు నాలుగడుగుల దూరంలో ఉంది. తాడుకు అవతల ఉన్న జనమంతా నా మొహంలోకే చూస్తున్నట్టు అనిపించింది. ఎవరి ఫోన్ కెమెరా నా వైపు తిరిగిందో, ఎవరు ఏం అనబోతున్నారో!  ఒక్క అడుగు కూడా పడలేదు. ఫోన్ తీసి అక్కకు చేశాను.

"అక్కా, ఏడున్నవ్?"

"అయ్యగారి ముంగట కూసున్న. నాకంటె ముందు ఇంక నలుగురున్నరు. ఏమైంది?"

"మెట్లు గట్లనే ఉన్నయి. మేనేజర్ లొల్లి జేస్తుండు. జర జల్ది రా అక్కా."

"నువ్వు తుడువరాదా?"

ఎంత మామూలుగా అడిగిందో! అందులో తప్పేమీ లేదని అక్కడే అర్థం కావాలి నాకు. కాలేదు. "మీద స్క్రబ్బర్ నడుస్తుంది, ఇడిసిపెట్టి రాలేను" అని అబద్ధం చెప్పాను. నేల రుద్దే ఆ స్క్రబ్బర్ సామాన్ల గదిలో ఉంది, గదికి తాళం ఉంది, తాళంచెవి నా జేబులో ఉంది.

"సరే తియ్, ఆటో పట్టుకొని వస్త. మీ బావ ఆగుతడు గని మీ మేనేజర్ ఆగడు" అని నవ్వి పెట్టేసింది.

ఆమె వచ్చేలోపు పని కాస్త తేలిక చేద్దామనిపించింది. ముట్టకుండా ఎలా? దూరం నుంచి బకెట్‌తో నీళ్ళు కుమ్మరించాను. పిల్లలూ, మందుల పేర్లు మరిచిపోయినా ఇది మాత్రం మరవకండి. నూనె పడ్డ గ్రానైట్ మీద ముందు నీళ్ళు పోయకూడదు. పొడిబట్టతోనో రంపపుపొట్టుతోనో నూనెను పీల్చేయాలి, ఆ తర్వాతే సబ్బు, వేడినీళ్ళు. నీళ్ళు పోస్తే నూనె పోదు, పరుచుకుంటుంది. పై మెట్టు మీదున్నది కింది మెట్ల దాకా పాకుతుంది. కొత్తవాళ్ళకు మొదటి రోజు నేను నేర్పే పాఠమే ఇది. ఆ రోజు భయంలో నా చేతులే దాన్ని మరిచిపోయాయి. జారుతుందని చెప్పే పసుపు రంగు బోర్డు తెచ్చి పెట్టాను కూడా. ఎక్కడ? గుమ్మం లోపల. రోడ్డు మీంచి వచ్చే మనిషికి అది కనపడనే కనపడదు.

ఆటో ఆగింది. పెత్రమాసకని మంచి చీర కట్టుకుంది అక్క. పూజ చేసిన మెట్లని చెప్పులు కిందే విడిచి, తాడు కింద నుంచి దూరి, "వచ్చిన వచ్చిన, ఒర్లకుండ్రి" అంటూ గబగబా ఎక్కింది. "అక్కా ఆగు" అందామని నోరు తెరిచాను. అన్నానో లేదో ఈ రోజుకీ తెలియదు. మూడో మెట్టు మీద కాలు జారింది. పక్కకు ఒరిగి, వెనక్కి పడింది. తల మెట్టు అంచుకు తగిలింది. ఆ చప్పుడు గురించి ఎక్కువ రాయను. ఎక్కడైనా కొబ్బరికాయ కొడితే ఇప్పటికీ ఉలిక్కిపడతాను.

కుంకుమ కలిసిన నీళ్ళు మెట్ల మీంచి కారుతున్నాయి. అందులో నెత్తురేదో కుంకుమేదో తెలియలేదు. "అరె, గిక్కడ నీళ్ళెవడు వోసిండు?" అని జనంలోంచి ఎవరో అరిచారు. నా చేతిలో ఖాళీ బకెట్ ఉంది. దాన్ని మెల్లగా స్తంభం వెనక పెట్టాను. చూడండి నా బుద్ధి! అక్క అక్కడ కదలకుండా పడి ఉంటే, నా చేతులు ముందు చేసిన పని బకెట్ దాచడం. ఆ తర్వాతే పరుగెత్తాను. ఆమె పక్కన పడి ఉన్న బటన్ ఫోన్ తీసి జేబులో వేసుకున్నాను.

సేటు కార్లోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆమె తల నా ఒళ్ళో ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి కానీ చూపు లేదు. "అక్కా, అక్కా" అని పిలుస్తూనే ఉన్నాను. సేటు ముందు సీట్లోంచి తిరిగి అడిగాడు: "గామె పదకొండింటికి వస్తనన్నది గద భాయ్. ఎందుకు గట్ల ఉరికొచ్చింది?"

"తెల్వది సేటు" అన్నాను. ఆలోచించుకోకుండానే వచ్చేసింది ఆ మాట.

తలలో రక్తం గడ్డకట్టింది, తుంటి ఎముక విరిగింది అన్నారు డాక్టర్లు. ఆపరేషన్ చేయాలి, స్పృహ వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేం అన్నారు. కొడుకు ఆటో అడ్డదిడ్డంగా ఆపి, "మామా, మా అవ్వేది మామా?" అని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నన్ను మామా అని పిలిచేవాడు. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, నేను బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. ఆమె ఫోన్ తీశాను. చివరి కాల్ నాదే. నా పేరుకు బదులు "తమ్మి" అని ఉంది. దాన్ని చెరిపేశాను. నా ఫోన్‌లో కూడా చెరిపేశాను.

అప్పుడు తట్టింది ఆ పాడు ఆలోచన. ఆమెకు స్పృహ రాకపోతే ఎవరికీ తెలియదు.

కోరుకోలేదు. అల్లా సాక్షిగా కోరుకోలేదు. కానీ తట్టింది. నన్ను చూసి నాకే భయమేసింది. అద్దంలోకి చూడలేక తల వంచుకునే బయటికి వచ్చి, ఆమె ఫోన్ కొడుకు చేతిలో పెట్టాను. ఆసుపత్రి వెనక ఒక మూలన నమాజ్ చేసి, ఆమె బతకాలని దువా చేశాను. అలా అడుగుతుంటే లోపల ఇంకో గొంతు, బతకాలి కానీ ఆమెకు గుర్తుండొద్దు అంటోంది. పైవాడికి రెండూ వినిపించే ఉంటాయి.

మూడు రోజులు అలా గడిచాయి.  గల్లీలో ఆటో హారన్ మోగితే మంచం మీద లేచి కూర్చునేవాణ్ణి. "క్యా హువా జీ? కాయ్‌కు డర్‌రె?" అని, ఏమైంది ఎందుకు భయపడుతున్నావని మా ఆవిడ అడిగితే, అక్క గురించే దిగులు అన్నాను. మూడో రోజు కొడుకు నా పక్కన కూర్చుని, నేను తెచ్చిన చాయ్ తాగుతూ అన్నాడు: "అయ్యగారి దగ్గర ఎవలిదో ఫోన్ వస్తే అవ్వ లేసి ఉరికిందంట మామా. ఫోన్ల చూస్తే నంబరే లేదు. ఆడెవడో దొరకాలె గని..." పళ్ళు కొరికాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేయి నా జేబు మీదికి వెళ్ళింది. వాడు గమనించలేదు.

ఆ సాయంత్రమే అక్కకు స్పృహ వచ్చింది. నన్ను చూసి గుర్తుపట్టింది. "బతుకమ్మ అయిపోయిందా?" అని అడిగింది. పెత్రమాస పొద్దున జరిగిందేదీ ఆమెకు గుర్తులేదు. తలకు దెబ్బ తగిలితే అలా అవుతుందని డాక్టరు అన్నాడు. నేను గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని నర్సు మంచినీళ్ళు ఇచ్చింది. నేను అడిగిన రెండూ దొరికాయి. ఇంక నన్నెవరూ పట్టుకోలేరు. కానీ భయం పోలేదు. ఏ నిమిషాన గుర్తొస్తుందో అని ఇంకో భయం మొదలైంది. రోజూ వెళ్ళి మంచం పక్కన కూర్చుని ఆమె కళ్ళలోకి చూసేవాణ్ణి, తెలిసిపోయిందా అని.

వారం తర్వాత ఒక పొద్దున, కొడుకు టిఫిన్ తేవడానికి కిందికి వెళ్ళాడు. అక్క పైకప్పు వైపు చూస్తూ నెమ్మదిగా అంది: "తమ్మి, మీ బావ నా మీద కోపం జేసిండు."

"ఏమంటున్నవక్కా?"

"బియ్యమియ్యకుంట లేసచ్చిన్నంట గద. ఏం తొందరచ్చిందో నాకే తెల్వది. పెద్దలను మధ్యల ఇడిసిపెట్టి ఎవలన్న వస్తరా? గందుకే తోసిండు నన్ను. కండ్లు మూస్తే వచ్చి ముంగట నిలవడ్తుండు. మాట్లాడుమంటే మాట్లాడ్తలేడు. నాకు భయమైతుంది తమ్మి."

నా చేయి పట్టుకుంది.  మేనేజర్‌ను మొహం మీదే దులిపేసే మనిషి, కళ్ళు మూయడానికి భయపడుతోంది. నా భయాన్ని తీసుకెళ్ళి ఆమెకు అంటించాను. ఇంక నోరు ఆగలేదు.

"బావ కాదక్కా. నేను."

అంతా చెప్పాను. ఫోన్, స్క్రబ్బర్ అబద్ధం, నీళ్ళు, బకెట్, చెరిపేసిన కాల్, అన్నీ. ఆ పాడు ఆలోచన కూడా చెప్పాను.  చివరికి ఆమె అడిగింది: "మిషన్ నడుస్తలేకుండెనా?"

"లేదు."

"మరెందుకు తుడువలే?"

"పూజ జేసిన జాగ గద. నేను ముడితే ఎవలన్న ఏమన్న అంటరేమోనని."

"ఎవలన్నరు?"

"ఎవలనలే."

"నన్నడగకపోతివి?"

"భయమైంది అక్కా."

ఆమె తల కొంచెం తిప్పి నా మొహంలోకి చూసింది. "నన్ను జూసి గూడనా?" అంది.

 ఇన్నేళ్ళు ఒక్క చోట కూర్చుని తిన్నాం. మా ఆవిడను మరదలు అని పిలిచింది. అయినా అవును, ఆమెను చూసి కూడా భయపడ్డాను. ఆమె చేయి వెనక్కి తీసుకుని మొహం గోడ వైపు తిప్పుకుంది. మెట్ల మీద కొడుకు అడుగుల చప్పుడు వినపడింది. "ఆనికి చెప్పకు. ఆని చెయ్యి ఊకోదు" అంది, గోడ వైపు చూస్తూనే.

ఆమె ఇంటికి చేరాక నేనే వాడికి చెప్పాను. ఒక్కటే కొట్టాడు, చెంప మీద. చెవి గుయ్యిమంది. ఎన్నో రోజుల తర్వాత ఆ రాత్రి నిద్ర పట్టింది. సేటుకు కూడా చెప్పాను. పొమ్మంటాడనుకున్నాను. ఆయన తల పట్టుకుని, "పో భాయ్, పని చూసుకో" అన్నాడు. ఏమనుకున్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. అక్క మాత్రం నా ఫోన్ ఎత్తలేదు. ఇంటికి వెళ్తే కొడుకు గుమ్మంలోనే నిలబడి, "అవ్వ పండుకున్నది" అనేవాడు. తుంటి తర్వాత్తర్వాత కూడా సరిగా అతుక్కోలేదు. కర్ర లేకుండా నడవలేదు, ఇంక పనికి రాలేదు.

మళ్ళీ అమావాస్య వచ్చింది, దీపావళిది. సేటు పూజ చేశాడు, కాయ కొట్టాడు, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళాడు. నేను మూడో అంతస్తుకు వెళ్ళలేదు. గంప, పొడిబట్ట పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను.   బిస్మిల్లా అనుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. గుమ్మడి ముక్కలు ఏరాను. నిమ్మకాయలు, పూలు పక్కకు తీశాను. పొడిబట్టతో నూనె అద్దాను. ఇప్పుడు అరుస్తారు, ఇప్పుడు ఎవరో కాలర్ పట్టుకుంటారు అని మెడ బిగబట్టుకునే తుడుస్తున్నాను. వాచ్‌మన్ ఆవలించాడు. మేనేజర్ ఫోన్‌లో ఎవరినో తిడుతూ నన్ను దాటుకుని వెళ్ళాడు. తాడుకు అవతల ఒకామె, "అన్నా, పట్టుచీరలు ఎన్నో అంతస్తుల ఉన్నయే?" అని అడిగింది. సేటు ఒకసారి తొంగిచూసి, "గా మూలకు ఇంక జర నూనె ఉన్నట్టున్నది భాయ్, చూడు" అని లోపలికి వెళ్ళిపోయాడు. అంతే.

మెట్టు ఆరాక అక్కకు ఫోన్ చేశాను. ఎత్తదనే అనుకున్నాను. ఎత్తింది.

"తుడిచిన అక్కా" అన్నాను. "పూజ మెట్టు. నేనే తుడిచిన."

అడిగింది: "ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవలేమనలే. నా దిక్కు సూడను గూడ సూడలే."



"గంతేనా?" అంది.

ఆ తర్వాత ఏడవడం మొదలుపెట్టింది.  పై మెట్టు మీదే కూర్చుని, నా పక్క నుంచి జనం లోపలికి ఎక్కుతుంటే, ఆమె ఏడుపు ఆగేదాకా వింటూ ఉన్నాను.